స్కౌటు గారి నోటుబుక్కు

ఎంసెట్‌లో 18,000 పైచిలుకు ర్యాంకు తెచ్చుకున్న మనిషి ఇతరులకు ర్యాంకులు కట్టడానికి పూనుకోవడం ఏమంత సమంజసమని మా ఆవిడ మూడేళ్లుగా అడుగుతోంది. ర్యాంకు దెబ్బ తిన్నవాడికే ర్యాంకు లోతు తెలుస్తుందని నేనూ మూడేళ్లుగా అదే జవాబు చెబుతున్నాను. వివాదం ఇంకా కొలిక్కి రాలేదు.

నేను ర్యాంకులు కట్టేది బేస్‌బాల్ కుర్రాళ్లకు. మా ఆఫీసులో పన్నెండుగురం కలిసి, నిజం ఆటగాళ్ల పేర్లతో కాగితం మీద జట్లు కట్టుకుని పోటీపడే ఒక ఫాంటసీ లీగ్ నడుపుకుంటున్నాము. అందులో ఒకసారి ఎంచుకున్న ఆటగాడు ఏళ్ల తరబడి మన జట్టులోనే ఉండిపోతాడు కనుక, ఇప్పటికే పేరు మోసిన మేజర్ లీగ్ ఆటగాళ్ల కోసం కొట్టుకోవడం కన్నా, ఇంకా మైనర్ లీగ్‌లో బస్సుల్లో ఊళ్లు తిరుగుతున్న కుర్రాళ్లలో రేపు పైకి రాబోయేవాడు ఎవడో ముందుగా కనిపెట్టి పట్టుకోవడంలోనే అసలు లాభం ఉంటుంది. మా నూజివీడులో మామిడితోటను పూత మీద కొనే వ్యాపారి చేసే పని సరిగ్గా ఇదే. పూత ఎంత విరగబూసినా తేనెమంచు పురుగు పట్టవచ్చు, పిందె పడ్డాక ఈదురుగాలి వీచవచ్చు, కాయ దిగే వేళకు ధర పడిపోవచ్చు. అయినా బేరం మాత్రం పూతను చూసే ఆడాలి. మా నాన్నగారు ఈ వ్యాపారంలో రెండుసార్లు గట్టిగా నష్టపోయారు కనుక ఆ విద్య నాకు వారసత్వంగానే వచ్చిందని చెప్పుకోవచ్చు.

మేజర్ లీగ్‌లో ఉన్న 30 క్లబ్బుల్లో ఒక్కొక్కదానికి కింద నాలుగేసి మైనర్ లీగ్ జట్లు ఉంటాయి. అంటే మొత్తం 120 తోటలు. సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అనే నాలుగు మెట్లలో మూడవ మెట్టు మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోనే ఉండటం నా అదృష్టం. డాలస్‌కు ఉత్తరాన, గోంగూర కట్టలు దొరికే దుకాణాల నడుమ, ఫ్రిస్కోలో టెక్సస్ రేంజర్స్‌వారి డబుల్-ఎ జట్టు అయిన రఫ్‌రైడర్స్ ఆడుతుంది. ఆ మైదానంలో కుడివైపు అవుట్‌ఫీల్డ్ కంచె వెనుక 2016 నుంచి ఒక నీటి కాలువ ఉంది. జనం గాలి నింపిన ట్యూబుల మీద వెల్లకిలా తేలుతూ ఆట చూస్తారు. నాకు అటువంటి భోగాలు పట్టవు. నేను పని మీద వెళతాను.

పని అంటే మార్కులు వేయడం. క్లబ్బుల తరఫున కుర్రాళ్లను వెతికి అంచనా కట్టే స్కౌట్లు వాడే కొలమానం 20 దగ్గర మొదలై 80 దగ్గర ఆగుతుంది. దీనికి మూలపురుషుడిగా, 1947లో నల్లజాతివారికి తలుపులు మూసి ఉన్న మేజర్ లీగ్‌కు జాకీ రాబిన్సన్‌ను తెచ్చిన బ్రాంచ్ రికీ పేరు చెబుతారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. అక్కడినుంచి ప్రతి పది పాయింట్లూ ఒక స్టాండర్డ్ డీవియేషన్ అన్న లెక్కన పైకి మూడు, కిందికి మూడు మెట్లు ఉంటాయి. ఏమీ చేతకానివాడికి కూడా 20 ఇస్తారు గనుక, ఇది మా ఇంటర్మీడియట్ ఫిజిక్స్ లెక్చరరుగారి పద్ధతి కన్నా ఎంతో దయగలది. బ్యాటరుకు నిలకడగా కొట్టడం, దూరంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, విసురు అనే ఐదు విద్యల్లోనూ, పిచ్చరుకు అతడు వేసే ఒక్కొక్క రకం బంతికీ, వాటిపైన అనుకున్న చోటికి బంతిని పంపగల నేర్పుకూ విడివిడిగా మార్కులు ఉంటాయి. ఈ చివరిదానినే కమాండ్ అంటారు. మొదటి ఏడాది నేను క్రికెట్ అలవాటు కొద్దీ, మోచెయ్యి వంచి విసురుతున్నారన్న నేరం మీద పిచ్చర్లందరికీ వరుసగా 20 వేసుకుంటూ పోయాను. ఆ ఏడాది మా లీగ్‌లో నాకు పన్నెండవ స్థానం వచ్చింది.

పరుగుకు మార్కులు వేయడం అన్నింటికన్నా సులువని పైకి అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ అభిప్రాయంతో పని లేదు, గడియారం ఉంటే చాలు. కుడిచేతి బ్యాటరు బంతిని కొట్టిన క్షణం నుంచి 90 అడుగుల దూరాన ఉన్న మొదటి బేస్‌ను కాలితో తాకేవరకు సుమారు 4.3 సెకన్లు పడితే 50, అదే 4 సెకన్లకు దిగితే 80. అనగా ఒక కుర్రాడి జాతకం మొత్తం నా బొటనవేలు కదిలే వ్యవధిలో తేలిపోవాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, ఊపిరి బిగబట్టి, బ్యాటుకు బంతి తగిలిన టక్కుమన్న చప్పుడుకు నొక్కానంటే, సరిగ్గా రెండవసారి నొక్కవలసిన వేళకు నూజివీడు నుంచి మా అమ్మ ఫోన్ వస్తుంది. ఇక్కడ రాత్రి ఏడున్నర అయితే అక్కడ తెల్లవారి ఆరు గంటలు. పాలవాడు వచ్చి వెళ్లగానే నేను గుర్తుకు వస్తాను. ఎవరి పెళ్లి ఎక్కడ కుదిరిందో విని ఫోన్ పెట్టేసి చూసుకుంటే స్టాప్‌వాచ్ 2 నిమిషాల 41 సెకన్లు చూపించింది. ఆ కుర్రాడికి 20 వేసి, పక్కన ‘పునఃపరిశీలన’ అని రాసుకున్నాను. న్యాయం తప్పకూడదు కదా.

ఇంత నిష్ఠగా పోగుచేసిన ర్యాంకుల జాబితాలో ముప్పైమంది పేర్లు ఉన్నాయి. ఆ జాబితా ఉన్న పొడుగాటి నోటుబుక్కుతో, మా అబ్బాయిని వెంటబెట్టుకుని, మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్ వెనుక వరుసలో కూర్చున్నాను. నా పక్క కుర్చీలో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు ఒకడు మోకాలి మీద అట్ట పెట్టుకుని, చేతిలో రాడార్ గన్ పట్టుకుని, ప్రతి బంతి వేగమూ రకమూ ఒక చార్టులో గుర్తులు పెట్టుకుంటున్నాడు. ఎవరో స్కౌటింగ్ నేర్చుకుంటున్న ఇంటర్న్ అయి ఉంటాడని తేల్చేశాను. కూర్చున్నా నాకన్నా మూరెడు పొడుగున్నవాడూ, అరచేతిలో బంతి పెడితే నిమ్మకాయలా కనబడేటట్లున్నవాడూ ఇంటర్న్ ఎలా అవుతాడన్న సందేహం అప్పుడే రావలసింది. కానీ నాకు అప్పటికి చాలా కాలంగా శిష్యుడు లేని లోటు ఉన్నది.

ముందు మా ఆవిడ కట్టిచ్చిన జంతికల పొట్లం విప్పి పెట్టాను. అతడు రెండు తిని, మూడవది చేతిలోకి తీసుకుని, ‘ఇది కచ్చితంగా 70 సార్’ అన్నాడు. కొలమానం తెలిసినవాడే. ఇక నేను ఆగలేదు. పూత చూసి మోసపోవడం అంటే ఏమిటో అతనికి వివరించాను. క్లబ్బులు ఏటా కొత్త కుర్రాళ్లను రౌండ్లవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1991లో న్యూయార్క్ యాంకీస్‌వారు దేశం మొత్తం మీద మొట్టమొదటగా ఎంచుకుని 15.5 లక్షల డాలర్లు చేతిలో పెట్టిన బ్రియన్ టేలర్, రెండేళ్లకు ఒక కొట్లాటలో భుజం దెబ్బ తిని మేజర్ లీగ్ గడప తొక్కకుండానే ముగిసిపోయాడని చెప్పాను. 1988లో తండ్రికి స్నేహితుడైన డాడ్జర్స్ జట్టు మేనేజరు టామీ లసోర్డా మాట సాయంతో 62వ రౌండులో, 1,390వ పేరుగా, మొహమాటానికి తీసుకున్న మైక్ పియాజ్జా 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడని చెప్పాను. ఈ ముక్క బేస్‌బాల్ ఆడే ప్రతి కుర్రాడికీ తెలిసినదేనని నాకు తరువాత తెలిసింది. అతడు మాత్రం మొదటిసారి వింటున్నట్టే కనుబొమలు పైకెత్తి విన్నాడు. పెంపకం మంచిది.

ఆ పైన నోటుబుక్కు అడిగి తీసుకుని, పేజీలు ఒక్కొక్కటే తిప్పి, చిట్టచివరి పేరు దగ్గర ఆగాడు.

‘ఇతణ్ణి ముప్పయ్యవవాడిగా ఎందుకు పెట్టారు సార్?’

‘ముప్పై ఒకటి లేదు కనుక’ అన్నాను. ‘మూడు వారాల కిందట అవుట్‌ఫీల్డ్ గట్టు మీద కూర్చుని చూశాను. మూడు ఇన్నింగ్స్‌లో ఐదుగురిని వాక్ చేశాడు, అంటే గురి తప్పిన బంతులు వేసి ఊరికే మొదటి బేస్‌కు పంపాడు. బంతి ఎటు పోతుందో విసిరే అతనికీ తెలియదు, పట్టే అతనికీ తెలియదు. కమాండ్ 35.’

‘ఆ రోజు అతని వేలికి బొబ్బ ఉన్నదేమో సార్.’

‘బొబ్బలకు మార్కులు ఉండవు బాబూ.’

అతడు కాసేపు తన కుడిచేతి మధ్యవేలిని బొటనవేలితో రుద్దుకున్నాడు. అది కూడా నేను గమనించాను. గమనించి, జంతిక నూనె తుడుచుకుంటున్నాడని అర్థం చేసుకున్నాను.

‘పైగా ఇతణ్ణి తీసుకున్నదే 14వ రౌండులో’ అని ముగింపుకు వచ్చాను. ‘అంత కిందికి దిగాక క్లబ్బులు ప్రతిభను చూడవు, బస్సులో సీట్లు నింపుకుంటాయి.’

‘అంతటి ఆల్బర్ట్ పూహోల్స్‌ను కూడా 13వ రౌండులో తీసుకున్నారు కదా సార్?’

‘13 వేరు, 14 వేరు’ అన్నాను. ‘కటాఫ్ అన్నది ఎక్కడో ఒకచోట ఉండాలి.’

అతడు తల ఊపి, తన చార్టు మూలన ఏదో చిన్నగా రాసుకున్నాడు. నా మాటలను కాగితం మీద పెట్టుకున్న మొదటి మనిషి అతడే. ఆ రాత్రి ఇంటికి వచ్చి మా ఆవిడకు ఈ విషయం రెండుసార్లు చెప్పాను.

మరునాడు ఆ ముప్పయ్యవవాడే బంతి వేసే వంతు కావడంతో, నా 35 సరైనదేనని రుజువు చేసుకోవడానికి సకుటుంబంగా వెళ్లాను. ఆటగాళ్ల పేర్లు చదువుతూ స్కోరుబోర్డు తెర మీద ఫొటోలు వేస్తున్నారు. పిచ్చరు వంతు వచ్చేసరికి పది మీటర్ల ఎత్తున ఒక ముఖం ప్రత్యక్షమైంది. ‘నాన్నా, నిన్న మన జంతికలు తిన్నాయన!’ అని మా అబ్బాయి కుర్చీ మీద ఎగిరి నిలబడ్డాడు. మా ఆవిడ ఒక్క క్షణం తెరను, ఒక్క క్షణం నన్ను చూసి, ‘ఏమండీ, మీరు ఆయనకు ఏమీ చెప్పలేదు కదా?’ అని అడిగింది. నేను నోటుబుక్కును కాళ్ల కిందికి జరిపాను.

డబుల్-ఎ జట్లలో ఆ రోజు వంతు లేని పిచ్చర్లను రాడార్ గన్ ఇచ్చి ప్రేక్షకుల మధ్య కూర్చోబెట్టి, తమ జట్టు వేసే బంతుల లెక్క రాయించే ఆనవాయితీ ఉన్నదట. మర్నాడు బంతి వేయవలసినవాడికే ముందురోజు ఆ పని తరచుగా పడుతుందట. ముప్పైమంది జాతకాలు రాసిన నాకు ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

అతడు ఐదు ఇన్నింగ్స్ వేశాడు. ఏడుగురిని స్ట్రైకవుట్ చేసి, ఒక్కరినే వాక్ చేశాడు. బంతి మోకాలి ఎత్తున ప్లేటు అంచు మీదుగా పోతూ, క్యాచరు పట్టిన చోటినుంచి గ్లవ్ కదపనక్కర లేకుండా వెళ్లి చేరుతుంటే, ప్రతిసారీ ఆ చప్పుడు నా వీపు మీద తగిలినట్టు ఉన్నది. నాలుగో ఇన్నింగ్స్‌లో మాత్రం ఒక బంతి ప్లేటు నడిమధ్యకు వచ్చి, అక్కడినుంచి హోమ్ రన్‌గా లేచి, కాలువలో తేలుతున్నవారి మధ్య పడి నీళ్లు చిమ్మింది. నేను గబగబా నోటుబుక్కు పైకి తీశాను గాని, మా ఆవిడ చూసిన చూపుకు మళ్లీ కిందికి పెట్టాను. ఈసారి నా పక్క కుర్చీలో రాడార్ గన్‌తో మరొక పొడుగాటి కుర్రాడు కూర్చున్నాడు. అతనికి జంతికలు మాత్రం ఇచ్చి, తొమ్మిది ఇన్నింగ్స్ నోరు మూసుకుని కూర్చున్నాను. జాబితాలో అతని ర్యాంకు ఇరవై రెండు.

ఆట ముగిశాక మా అబ్బాయి డగౌట్ పక్కన పిల్లల గుంపులో చేరి, బంతి మీద సంతకం పెట్టించుకుని వచ్చాడు. ఆయన తనను గుర్తుపట్టాడనీ, నాన్నగారు బాగున్నారా అని అడిగాడనీ, సంతకం పెట్టేటప్పుడు ఎందుకో నవ్వాడనీ చెప్పాడు. ఇంటికి వెళ్లేదారిలో కారు వెనుక సీట్లోంచి బంతిని లైటు కింద తిప్పి తిప్పి చూసి, ‘ఆయన చొక్కా మీద నంబరు 21 కదా నాన్నా, పేరు కింద 35 అని ఎందుకు వేశాడు?’ అని అడిగాడు. ట్రాఫిక్ ఎక్కువగా ఉన్నందువల్ల నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాత్రి పదింటికి ఆ రోడ్డు మీద మా కారు ఒక్కటే ఉన్నది.

ఇల్లు చేరి, అందరూ పడుకున్నారనుకున్నాక నోటుబుక్కు తీసి ముప్పయ్యవ పేరు కొట్టివేసి పదకొండవ స్థానంలో రాశాను. ‘ఒక్క రోజులో అంత మార్పు ఏం వచ్చిందండీ?’ అని వెనుకనుంచి వినిపించింది. శాంపిల్ సైజు పెరిగిందని చెప్పాను. సరిగ్గా అప్పుడే, అక్కడ తొమ్మిదిన్నర కావడంతో, మా అమ్మ వీడియో కాల్ చేసింది. నేను ఫోన్ చేతిలోకి తీసుకునేలోపల, నిద్ర పోయాడనుకున్న మా అబ్బాయి వచ్చి బంతిని కెమెరాకు ఆనించి చూపించాడు.

‘ఆ అంకె ఏమిట్రా?’ అని అడిగింది అమ్మ, కళ్లజోడు సర్దుకుంటూ.

‘నాన్న ఆయనకు వేసిన మార్కులు, నానమ్మా.’

‘35 వస్తే పాసైనట్టేగా’ అన్నది మా అమ్మ. ‘మరి పాసైన పిల్లవాడితో అన్ని మాటలు ఎందుకన్నావురా?’