మంచివాళ్ల ఆగడాలు అరికట్టాలి

ఇరవై ఏళ్లుగా నేను వ్యాసాలు రాసుకుని బతుకుతున్నాను. నా సరుకు ఒక్కటే: రోజులు బాగాలేవు. దాన్నే వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా వండి వడ్డిస్తాను. చివర్లో ‘మానవత్వం మంటగలిసింది’ అని పోపు పెడితే చాలు, పాఠకుడు ఒక నిట్టూర్పు విడిచి, కాఫీ కప్పు కింద పెట్టి, నిశ్చింతగా ఆఫీసుకి వెళ్లిపోతాడు. మానవత్వం ఎటూ పోయింది కనక ఇక తాను చేయాల్సిందేమీ లేదన్న నిశ్చింత అది. సమాజానికి ఇంత సేవ చేస్తున్న నా పొట్ట కొడుతున్నారు కొందరు. వాళ్ల మీదే ఈ ఫిర్యాదు.

మొన్న రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ‘గుక్కెడు నీళ్లిచ్చే నాథుడేడీ?’ అనే శీర్షిక బుర్రలో పెట్టుకుని విజయవాడలో ఒక బస్టాపు దగ్గర దిగాను. శీర్షిక భేషుగ్గా కుదిరింది. వాక్యం వెంట వాక్యం తన్నుకొస్తోంది. తీరా చూస్తే ఎదురుగా చలివేంద్రం.

అది ఏ నాయకుడి చలివేంద్రమో అయితే నాకు పేచీ లేదు. అవి మా వృత్తికి ఆప్తమిత్రులు. ఉగాది వెళ్లగానే వెలుస్తాయి. ఫ్లెక్సీ మీద పదకొండు ముఖాలు, కింద రెండు కుండలు. రిబ్బన్ కత్తిరించిన రోజు మజ్జిగ కూడా ఉంటుంది. వారం తిరిగేసరికి కుండల్లో సాలీళ్లు కాపురం పెడతాయి, ఫ్లెక్సీ మాత్రం తొలకరి దాకా నవ్వుతూనే ఉంటుంది. వాటి మీద నేను నాలుగు వ్యాసాలు రాసి పారితోషికం పుచ్చుకున్నాను. ఇది ఆ బాపతు కాదు. ఫ్లెక్సీ లేదు, పేరు లేదు. వేపచెట్టు కింద కుట్టుమెషిను వేసుకుని పాతబట్టలు బాగుచేసే ఒక పెద్దాయన, పక్కనే ఇసుక పోసి రెండు మట్టికుండలు దింపాడు. వాటికి గోనెపట్టా చుట్టి తడిపాడు. మట్టికుండకి కంటికి కనపడని చిల్లులుంటాయి, వాటిలోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తనతో పట్టుకుపోతుంది. కరెంటు అక్కర్లేదు. గోనె ఆరినప్పుడల్లా ఎవరో లేచి తడపాలి, అంతే. ఆ ఎవరో ఈయనే. ప్యాంటుకి జిప్పు వేస్తూ వేస్తూ మధ్యలో లేచి, చెంబుడు నీళ్లు చిలకరించి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నాడు.

నా కళ్లు గ్లాసు కోసం వెతికాయి. గొలుసు కట్టిన గ్లాసే మన దయాగుణానికి అసలైన గుర్తు అన్నది నా సిద్ధాంతం. నీళ్లు ఊరందరివీ, గ్లాసు మాత్రం మాది. ఇక్కడ గ్లాసూ లేదు, గొలుసూ లేదు.

“మొదటేడు స్టీలు గ్లాసు పెట్టానండీ, పోయింది. రెండో ఏడు గొలుసు కట్టాను. గొలుసుతో సహా పోయింది” అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. దాహం తీర్చిన గ్లాసునే దొంగిలించే జాతి! పోపు కూడా సిద్ధం. “మరి మీకు లోకం మీద విరక్తి పుట్టలేదా?” అని ఆశగా అడిగాను.

“అబ్బే, కొబ్బరిచిప్ప పెట్టాను. దాన్నెవడు పట్టుకుపోతాడండీ?”

చూపించాడు. సగం చిప్ప. గాజుపెంకుతో నున్నగా గీకి, రెండు చిల్లులు పొడిచి, వెదురుపుల్ల దూర్చాడు. దానితో ముంచి దోసిట్లో పోస్తాడు. ఎంగిలి లేదు, తోమే పని లేదు, దొంగకి ఆసక్తి లేదు. దొంగతనం జరిగితే బాధ్యతగల పౌరుడు చేయాల్సింది ఇదా? కనీసం నెలరోజులు జనాన్ని తిట్టుకోవాలి. ఈయన చిప్ప గీక్కుంటూ కూర్చున్నాడు.

సరే, అడుగున స్వార్థమైనా ఉండకపోతుందా అని తవ్వాను. “ఇందులో మీకేం లాభం?”

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. “అబద్ధమెందుకండీ, లాభం చూసుకునే పెట్టాను. నీళ్లకోసం వంగినప్పుడు చొక్కాకి గుండీ ఊడిందని ఎవరికి వాళ్లకే తెలుస్తుంది కదా. కుట్టించుకుంటారని.”

అమ్మయ్య, వ్యాపారమే! “అలా ఎంతమంది వచ్చారు?”

“మూడేళ్లలోనా? అయిదారుగురు వచ్చుంటారు.”

“ఎంత తీసుకున్నారు?”

“గుండీకి డబ్బులేమిటండీ!”

ఇంత చేతకాని స్వార్థపరుణ్ణి నేను నా వృత్తి జీవితంలో చూడలేదు.

ఇది ఈయనతో మొదలైన జబ్బు కూడా కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారని ఒకావిడ, 1841లో పుట్టి 1909లో పోయేదాకా, గోదారి దాటి వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా వండి వడ్డించింది. కులం అడగలేదు, ఊరు అడగలేదు, గుర్తింపు కార్డు అసలే అడగలేదు. ఒక ఇంటి పొయ్యి ఆరకపోతే పరిణామాలు ఎంత దూరం పోతాయో చూడండి. ఆవిడ పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా గోదావరి పాయ మీద కాలువని దాటించే వంతెనకి, అదే అక్విడక్టుకి, ఆవిడ పేరే పెట్టాల్సి వచ్చింది, ఆంధ్రాలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. తరాల తరబడి పేర్లు పెట్టించుకుంటున్న నాయకులకి ఇది ఎంత అన్యాయమో ఎవరూ ఆలోచించరు.

మన వ్యవస్థ ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టింది, అందుకు అభినందించాలి. రోడ్డు మీద రక్తమోడుతున్నవాణ్ణి ఆస్పత్రికి చేరిస్తే, చేర్చినవాణ్ణే కూర్చోబెట్టి “గుద్దింది నువ్వేనా?” అని అడగడం మన ఆనవాయితీ. సాయం చేసినవాడు పేరైనా చెప్పనక్కర్లేదు, వేధించకూడదు అని 2016లో సుప్రీంకోర్టు కట్టడి చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే సెక్షనే చేర్చారు. మంచితనం నేరం కాదని చట్టంలో రాసుకున్న జాతి మనది. 2021లో కేంద్రం బహుమతి కూడా పెట్టింది: తొలి గంటలో ఆస్పత్రికి చేరిస్తే 5,000 రూపాయలు. 2025కి అది 25,000 అయింది. నాలుగేళ్లలో అయిదింతలు! నా పారితోషికం అక్కడే ఉంది.

అయినా తిక్కలోళ్లకి రేటు కార్డు పట్టదు. ఆటో ఆపి, సీటుకి రక్తమంటుతుందని తెలిసీ ఎక్కించుకునేవాడు ఆ 25,000 సంగతి వినైనా ఉండడు. గోదావరి జిల్లాల్లో వరికంకులు జడల్లా అల్లి, కుచ్చులు చూరుకి వేలాడదీస్తారు, పిచ్చుకల కోసం. పిచ్చుకలకి ఓటు లేదు, రీలు పెడితే లైకు కొట్టవు. వాటికి అంత పనితనం దేనికి? గింజలు నేలమీద పోస్తే తినవా?

కాబట్టి ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను. ఇకపై మంచి చేయదలచినవారు ముందుగా మీసేవలో దరఖాస్తు పెట్టుకోవాలి, ఆధార్ జత చేయాలి. ఎదుటివాడి చేతిలో అరటిపండు పెడుతున్న ఫొటో తప్పనిసరి, ఆ పండుని కనీసం ఆరుగురు పట్టుకుని ఉండాలి. కొబ్బరిచిప్పలాంటి కొత్త ఉపాయాలు కనిపెట్టినవారికి జరిమానా. ఇదంతా అక్కడే, వేపచెట్టు కింద నిలబడి సెల్‌లో టైపు చేసుకుంటున్నాను. కుండలో నీళ్లు అడుగంటాయి. దోసిలి పట్టినవాళ్లు నలుగురు వరసలో నిలబడ్డారు. పెద్దాయన చూపు నా చొక్కా మీద పడింది.

“మూడో గుండీ లేదండీ మీకు. ఇలా ఇవ్వండి, రెండు నిమిషాలు.”

వద్దన్నాను. వినలేదు. ఆ తర్వాత బనీను మీద రోడ్డు దాటి, ఎదుటి కుళాయి దగ్గర నుంచి బిందె మోసుకొచ్చి కుండలో పోసిన మనిషి ఎవరన్నది ఈ వ్యాసానికి అప్రస్తుతం.