అలియాస్ పెట్టుకుంటే ఇంజినీర్ కాదా?

వారం రోజులుగా ఒక ఫార్వర్డ్ మా గ్రూపులన్నీ తిరుగుతోంది. కుబర్నెటిస్ (చాలా సర్వర్ల మీద యాప్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) కమాండ్లకు షెల్లో, అంటే కమాండ్లు కొట్టే చోట, అలియాస్‌లనే షార్ట్‌కట్లు పెట్టుకునేవాడు ఇంజినీరే కాదట. అసలు కమాండ్లు మర్చిపోతాడట, సర్టిఫికేషన్ పరీక్షలో చేతులెత్తేస్తాడట, ఏదో ఒకరోజు ప్రొడక్షన్ని, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌ని, లేపేస్తాడట. పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లస్టర్లు (కుబర్నెటిస్ నడిచే సర్వర్ల గుంపులు) చూసుకునే నాకు ఒళ్లు మండింది.

మర్చిపోవడం సంగతి ముందు. పాతపట్నంలో కండక్టరు "పర్లా, పర్లా" అని అరిచినంత మాత్రాన మా ఊరి పేరు ఎవరూ మర్చిపోలేదు. అంతెందుకు, కుబర్నెటిస్‌ని కె8ఎస్ అనడమే షార్ట్‌కట్, ఇంగ్లిష్ స్పెల్లింగులో కెకీ ఎస్‌కీ మధ్య ఉన్న 8 అక్షరాలు లెక్కపెట్టి పెట్టిన పేరు. యాప్ నడిచే పాడ్స్‌కి పీఓ, వాటికి దారి చూపే సర్వీస్‌కి ఎస్‌వీసీ అని కొట్టినా కుబర్నెటిస్ కమాండ్ క్యూబ్‌సీటీఎల్‌కి అర్థమవుతుంది. క్యూబ్‌సీటీఎల్‌కి కె అని అలియాస్ పెట్టుకున్నాక డౌటొస్తే "టైప్ కె" అని కొట్టండి, ఆ కె వెనక ఏముందో షెల్లే చెప్తుంది.

పరీక్ష మాట మరీ అన్యాయం. సీకేఏ అనే కుబర్నెటిస్ సర్టిఫికేషన్ 2 గంటల పరీక్ష, టెర్మినల్లో పని చేసి చూపించాలి. అందులో కె అన్న అలియాస్, ట్యాబ్ కొడితే కమాండ్ పూర్తయ్యే ఏర్పాటు ముందే పెట్టి ఇస్తారు. ఇది రాసినాయన ఆ పరీక్ష గుమ్మం తొక్కినట్టు లేదు.

ఇక ప్రొడక్షన్. నేనూ ఒకసారి లేపేశాను, దాచడమెందుకు. అప్పటికి నా దగ్గర ఒక్క అలియాస్ కూడా లేదు. డిలీట్ డిప్లాయ్‌మెంట్ (నడుస్తున్న యాప్‌ని తీసేసే కమాండ్) అని పూర్తిగా కొట్టాను, దూరపు మెషీన్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ స్లోగా ఉండి అక్షరాలు ఒక్కొక్కటే స్క్రీన్ మీదకి పాక్కుంటూ వచ్చాయి, చూసుకోడానికి బోలెడు టైముంది. అక్షరాలన్నీ కరెక్టే, క్లస్టరే తప్పు. పొద్దున ఏదో చూద్దామని ప్రొడక్షన్ కాంటెక్స్ట్‌కి (కమాండ్లు ఏ క్లస్టర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) మారాను, అది క్యూబ్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో అలాగే ఉండిపోయింది, సాయంత్రం కొత్త టెర్మినల్ తెరిచినా అదే. ఆ తర్వాతే కేడీ అని చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. అలియాస్ కాదు, ఎందుకంటే అలియాస్ ఒక మాట బదులు ఇంకో మాట పెడుతుందంతే, ఆగి అడగడం దానికి చేతకాదు. కేడీ ముందు కరెంట్ కాంటెక్స్ట్, నేమ్‌స్పేస్ (క్లస్టర్లో ఏ విభాగమో) చూపిస్తుంది, క్లస్టర్ పేరు నా చేత కొట్టిస్తుంది, సరిపోతేనే డిలీట్ చేస్తుంది. అంటే ఈ షార్ట్‌కట్ అసలు కమాండ్ కన్నా నెమ్మది!

2025లో 1.33 వెర్షన్ నుంచి క్యూబ్‌సీటీఎల్‌కే క్యూబ్‌ఆర్‌సీ అని ఒక ఫైల్ వచ్చింది. అలియాస్‌లు అందులో రాసుకోవచ్చు, డిలీట్ ప్రతిసారీ అడిగేలా కూడా పెట్టుకోవచ్చు. మరి దాన్ని తయారుచేసినవాళ్లూ ఇంజినీర్లు కారేమో.

ఆ ఫార్వర్డ్‌లో లేని అసలు ఇబ్బంది ఒకటుంది. బ్యాష్ అనే షెల్ స్క్రిప్టుల్లో అలియాస్‌లు మామూలుగా పనిచేయవు, పక్కవాడి మెషీన్లో మనవి ఉండవు. అందుకే స్క్రిప్టుల్లో, టీమ్ నోట్స్‌లో నేను పూర్తి కమాండే రాస్తాను. నెట్లో దొరికే వందల అలియాస్‌ల ఫైళ్లు కూడా నాకొద్దు. నావి మొత్తం తొమ్మిది, అందులో రెండు వాడక చాలా రోజులైంది.