సూచన కోసం ఆగాలా?
కష్టకాలంలో ఏ అడుగు వేయాలన్నా దేవుని నుంచి స్పష్టమైన సూచన వచ్చేవరకు విశ్వాసి ఆగాలని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. దీనితో నేను ఏకీభవించలేను. బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 29వ అధ్యాయంలో 11వ వచనం, మీకు మేలు చేసే ఆలోచనలే నాకున్నాయని దేవుడు చెప్పే మాట, మనలో చాలామంది ఇళ్లలో క్యాలెండర్ మీద కనిపిస్తుంది. దానికి పైనున్న వచనాలను మాత్రం ఎవరూ గోడకు తగిలించరు. బబులోనుకు బందీలుగా వెళ్లి అక్కడ చెరలో ఉన్న యూదులకు ప్రవక్త పంపిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరు చెరగా వెళ్లిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అంటాడు. తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని కూడా అందులోనే ఉంది. నాది చిన్న కిరాణా కొట్టు. 2020 లాక్‌డౌన్ మొదలైన వారంలో సరుకు రావడం ఆగిపోయింది, లోపల నాలుగు బస్తాల కందిపప్పు ఉంది. రేటు పెంచమని పక్క కొట్టాయన రోజూ పోరేవాడు. పాత రేటుకే అమ్మాను, మనిషికి కిలో చొప్పున. దానికి సూచన ఎందుకు? ధాన్యం బిగబట్టేవాణ్ణి జనం శపిస్తారని బైబిల్లోనే సామెతల గ్రంథం 11వ అధ్యాయంలో ఎప్పుడో రాసి ఉంది. కొత్త సరుకు వచ్చాక మాత్రం నేనూ పెంచాను, కొన్న ధరే పెరిగింది మరి. అప్పుడు ఎన్నో ఏళ్లుగా వచ్చేవాళ్లు ఇద్దరు అలిగి కొట్టు మారారు.