అమ్మ మంచినీళ్లు తగ్గించిందంటే బాత్రూమ్ వైపు చూడండి

డెబ్బై అయిదేళ్లు దాటిన తల్లి సాయంత్రం అయిదు తర్వాత మంచినీళ్లు ముట్టదు. ప్రయాణమన్నా, ఇంట్లో శుభకార్యమన్నా బీపీకి రాసిన, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే నీటి మాత్ర మానేస్తుంది. రాత్రి అన్నంలోకి మజ్జిగ కూడా వద్దంటుంది. కొన్నాళ్లకు మూత్రంలో మంట, మలబద్ధకం, కళ్లు తిరగడం మొదలవుతాయి. నీళ్లు బాగా తాగమని డాక్టరు చెబుతారు. ‘ఎంత చెప్పినా వినదు’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఎందుకు తాగడం లేదని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే: రాత్రి లేచి బాత్రూమ్‌కు వెళ్లాలంటే భయం.

పెద్దవాళ్ల బాత్రూమ్ గురించిన చర్చ మన ఇళ్లలో జారి పడటం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కానీ పడటానికి ఎన్నో నెలల ముందే ఆ గదికి భయపడి మనిషి తన తిండిని, నీళ్లను, స్నానాన్ని, ప్రయాణాలను కుదించుకోవడం మొదలుపెడుతుంది. ఆ నష్టం ఎవరి కంటా పడదు. అందుకే బాత్రూమ్‌లో మార్పులు చేయించేటప్పుడు ‘ఇక్కడ పడకుండా ఉంటుందా’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎవరినీ పిలవకుండా, రాత్రి రెండు గంటలకైనా, తనంతట తాను వెళ్లి రాగలదా అని అడగాలి. ఈ రెండో ప్రశ్నకు అవునని చెప్పగలిగే బాత్రూమ్ ఉన్న ఇళ్లు చాలా తక్కువ.

పడటాన్ని తేలిగ్గా తీసుకోమని నేననడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు తగిలే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ప్రాణాంతకంగా పడేవారిలో అరవై దాటినవారే ఎక్కువ. గుల్లబారిన తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, ఆ తర్వాత మంచం, మంచాన పడితే వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి కింద తడి ఉన్న సంగతి తెలియదు. పడుకున్నవారు చటుక్కున లేస్తే బీపీ పడిపోతుంది. శుక్లాలు ముదిరిన కంటికి తెల్లటి టైల్స్ మధ్య తెల్లటి కమోడ్ అంచు ఆనదు. ఇవన్నీ ఒక్కసారే కలిసి మీద పడే చోటు రాత్రిపూట బాత్రూమ్.

మీ ఇంట్లో పరిస్థితి తెలుసుకోవాలంటే తువాలు వేసుకునే కడ్డీని ఒకసారి దగ్గరగా చూడండి. ఒక చివర ఉన్న స్టీలు బిళ్ల గోడ నుంచి కొద్దిగా లేచి ఉంటుంది. మర వదులై, దాని కింద టైలు మీద తుప్పు చార దిగి ఉంటుంది. తువాలు బరువుకు అలా జరగదు. ఒక మనిషి రోజూ తన బరువంతా దాని మీద మోపి లేస్తున్నదన్నమాట. ఆ కడ్డీని పట్టి ఉంచేవి నాలుగు చిన్న మరలు, గోడలోకి దిగ్గొట్టిన ప్లాస్టిక్ ప్లగ్గులు. అది ఊడితే ఆమె సగం లేచి ఉన్నప్పుడే ఊడుతుంది.

దుకాణాల్లో గ్రాబ్ బార్ పేరుతో అమ్మే స్టీలు కడ్డీ పెద్ద ఖరీదైనది కాదు. కష్టమంతా బిగించడంలోనే ఉంది. అమెరికా ప్రమాణాల ప్రకారం అలాంటి కడ్డీ 250 పౌండ్ల భారాన్ని, అంటే సుమారు 113 కిలోలను తట్టుకోవాలి. మన బాత్రూమ్ గోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాలవి. టైలు వెనక సిమెంటు నిండని చోట్లు కూడా ఉంటాయి. వేలి కణుపుతో తట్టి చూస్తే బోలు శబ్దం వినిపిస్తుంది. అక్కడ బిగించకూడదు. టైలును దాటి ఇటుకలోకి దిగే పొడవైన ఫాస్టెనర్లు వాడమనాలి. లోపల బోలుగా ఉండే హాలో బ్లాకుల గోడ అయితే అవతలి వైపు నుంచి ప్లేటు పెట్టి బోల్టు వేయించడం మేలు. రబ్బరు కప్పుతో గోడకు అతుక్కునే హ్యాండిళ్లు ఆన్‌లైన్‌లో చౌకగా దొరుకుతాయి. వాటిని దయచేసి కొనకండి. పట్టు ఎప్పుడు వదిలేస్తాయో తెలియదు, అవి ఉన్నాయన్న ధీమాతో మనిషి మరింత భారం వేస్తుంది.

కడ్డీ ఎక్కడ పెట్టాలన్నది ప్లంబరుకు వదిలేయవద్దు. నేల పొడిగా ఉన్నప్పుడు, మామూలు బట్టల్లోనే ఆమెను లోపలికి నడిచి, కూర్చుని, లేవమనండి. పక్కన నిలబడి చూస్తే గుమ్మం దగ్గర ఒకచోట, కమోడ్ పక్కన ఒకచోట, స్నానం చేసే మూలన మరోచోట చెయ్యి దానంతటదే గోడ కోసం వెతుకుతుంది. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. బలమైన చెయ్యి కుడిదా ఎడమదా, నొప్పి ఉన్న మోకాలు ఏది అన్నది ఆమెకు తెలుసు, ప్లంబరుకు తెలియదు.

కమోడ్ ఎత్తు దగ్గరా ఇదే సంగతి. నేల బేసిన్ తీయించి వెస్ట్రన్ కమోడ్ పెట్టిస్తే పని పూర్తయిందని అనుకుంటాం. ఆ అమెరికా ప్రమాణాల్లోనే సీటు ఎత్తు 17 నుంచి 19 అంగుళాలని ఉంది. అయిదడుగులు కూడా లేని మన అమ్మలకు 19 అంగుళాల సీటు మీద పాదాలు నేలకు ఆనవు. పాదం ఆనకపోతే లేవడానికి ఆధారం ఉండదు, విరేచనమూ సాఫీగా కాదు. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు మొరాయిస్తాయి. కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి మడత నుంచి మడమ దాకా టేపుతో కొలవండి. సీటు ఆ ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. ఇప్పటికే ఉన్న కమోడ్ తక్కువ ఎత్తులో ఉంటే, దాని మీద గట్టిగా బిగించే ఎత్తు సీటు దొరుకుతుంది.

మన ఇళ్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని స్నానం. విదేశీ సలహాలు ఇక్కడ అంతగా పనికిరావు. మనకు తొట్టి స్నానం లేదు. బకెట్టు, చెంబు, కూర్చోవడానికి ఓ పొట్టి పీట, వారానికోసారి తలంటు ఉంటాయి. పీట మీద నుంచి లేవడమంటే దాదాపు నేల మీద నుంచి లేవడమే. దాన్ని తీసేసి వీపుకు ఆనుడు, కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్న స్నానపు కుర్చీ వేయాలి. బకెట్టు నేల మీదే ఉంచితే కుర్చీలోంచి చెంబు కోసం వంగాలి, అలా వంగినప్పుడే ముందుకు తూలుతారు. బకెట్టును ఎత్తయిన స్టూలు మీద పెట్టండి, లేదా గొట్టం ఉన్న హ్యాండ్ షవర్ పెట్టించండి. ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేడినీళ్లు కలపాలి. స్పర్శ తగ్గిన చర్మానికి కాలిన సంగతి బొబ్బ లేచాక గానీ తెలియదు.

ఇక తలంటు. నూనె రాసుకున్న అరికాలు నున్నటి టైలు మీద నిలవదు. గరుకు టైలు మీద కూడా నూనె పొర చేరితే పట్టు తగ్గుతుంది. ఇంత ప్రమాదమైతే మానేయమని పిల్లలు చెబుతుంటారు. నేను ఒప్పుకోను. నువ్వుల నూనె, కుంకుడు రసం, ఆ తర్వాత సాంబ్రాణి పొగ ఆ తరం ఆడవాళ్లకు మిగిలిన కొద్దిపాటి సుఖాల్లో ఒకటి. నూనె రాయడం బాత్రూమ్ బయట కుర్చీలో ముగించాలి. అరికాళ్లకు, అరచేతులకు శనగపిండి రుద్ది, పొడి గుడ్డతో తుడిచాకే లోపలికి నడిపించాలి. స్నానం అవగానే సబ్బు పొడి, వేడినీళ్లతో నేలను బ్రష్షు పెట్టి కడగాలి. ఈ పని ఆమె మీద వేయకూడదు, ఇంట్లో ఇంకొకరు చేయాలి.

తలుపు సంగతి చాలామందికి తట్టదు. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే, ఆ మనిషే తలుపుకు అడ్డం. బయటికి తెరుచుకునేలా కీళ్లు మార్పించండి. గడియ పెట్టుకోవద్దని ఆమెకు చెప్పడం అన్యాయం. బయటి నుంచి నాణెంతో తిప్పి తెరవగల గడియలు ఉన్నాయి. పరుపు పక్క నుంచి కమోడ్ దాకా రాత్రంతా చిన్న లైటు ఉండాలి. అంచులు లేచిన కాలిపట్టాలు తీసేయాలి.

ఇవన్నీ తెలిసిన ఇళ్లలోనూ పని వాయిదా పడుతుంది. ‘నాకెందుకయ్యా ఈ ఆసుపత్రి సరంజామా, ఇంకా అంత చేతగానిదాన్ని కాలేదు’ అని ఆమే అంటుంది. హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఉన్న కొడుకు ఫోనులో ‘జాగ్రత్తమ్మా’ అని చెప్పి పెట్టేస్తాడు. ఆమె అభ్యంతరంలో న్యాయముంది. చెప్పకుండా ఇంటి నిండా కడ్డీలు బిగిస్తే ఆమె తన ఇంట్లోనే రోగిగా మారిపోతుంది. ఏది ముందు, ఏది వద్దు అన్నది ఆమెతో చెప్పించాలి. మొదట ఒక్క కడ్డీతో మొదలుపెట్టినా చాలు. వాస్తు పేరుతో పడగ్గదికి ఆనుకుని బాత్రూమ్ వద్దనే పెద్దలూ ఉన్నారు. వారి నమ్మకం వారిది. కానీ చీకట్లో పెరటి దాకా నడిపించే వాస్తు ఎనభై ఏళ్ల మనిషికి మేలు చేస్తుందని నేను అనుకోను.

మిగతా భారం ప్రభుత్వాలది. 2024లో ఆయుష్మాన్ భారత్‌ను ఆదాయంతో పని లేకుండా 70 ఏళ్లు దాటిన అందరికీ విస్తరించారు. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం. మంచి నిర్ణయమే. అయితే ఆ డబ్బు మనిషి ఆసుపత్రిలో చేరితేనే కదులుతుంది, గోడకు కడ్డీ బిగించడానికి రాదు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు ఇస్తోంది. ఆ వాకర్ బాత్రూమ్ గుమ్మంలో పడుతుందా అన్నది ఎవరి బాధ్యతా కాలేదు. జపాన్ దీర్ఘకాలిక సంరక్షణ బీమాలో కడ్డీలకు, గడపలు సరిచేయడానికి, జారని నేలకు, కమోడ్ మార్పుకు 2 లక్షల యెన్‌ల వరకు ఖర్చును లెక్కలోకి తీసుకుంటారు. అందులో వృద్ధులు భరించేది 10 నుంచి 30 శాతమే. సింగపూర్ ప్రభుత్వ ఫ్లాట్లలో ఇలాంటి పనులకు 2012 నుంచి 95 శాతం దాకా రాయితీ ఉంది.

మన దగ్గర కొత్త పథకం కోసం ఎదురుచూడనక్కర్లేదు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు. పునాది, గోడలు, స్లాబు అంటూ దశలవారీగా డబ్బు విడుదలవుతుంది, ప్రతి దశలోనూ అధికారులు వచ్చి చూస్తారు. గోడల దశలో బాత్రూమ్ గుమ్మం లోపలి కొలత 32 అంగుళాలు ఉందా, తలుపు బయటికి తెరుచుకుంటుందా, కమోడ్ పక్క గోడ తొమ్మిది అంగుళాలదా అన్న మూడు గడులు తనిఖీ పత్రంలో చేర్చవచ్చు. కట్టేటప్పుడు వీటికయ్యే అదనపు ఖర్చు కొద్దిపాటిది. ఇరవై ఏళ్ల తర్వాత పగలగొట్టి మార్చడానికి ఆ కుటుంబం దగ్గర డబ్బు ఉండదు.