ఆడియో మీటతో సమస్య తీరలేదు

వెబ్‌సైట్‌కు వచ్చింది మనిషా, బాటా (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామా) అని తేల్చే బొమ్మల పరీక్షే క్యాప్చా. దాని పక్కన అంకెలను చదివి వినిపించే ఆడియో మీట ఉంటే అంధులకు ఇక ఇబ్బంది లేదన్నట్లు క్యాప్చాలపై వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. తెరపై ఉన్నదాన్ని పైకి చదివే స్క్రీన్ రీడర్‌తో రోజూ పనిచేసే నేను ఆ మాటతో ఏకీభవించలేను. బాట్‌లు పోల్చుకోకూడదని ఆ శబ్దంలో కావాలనే రొద కలుపుతారు, దానిపై స్క్రీన్ రీడర్ గొంతు కూడా పడుతుంది: మీట నొక్కగానే అంకెలు మొదలవుతాయి, జవాబు రాసే పెట్టె దగ్గరకు ట్యాబ్ కొట్టేలోగా మొదటి ఒకటి రెండు అంకెలు ఆ పెట్టె పేరు చదివే గొంతు కింద మునిగిపోతాయి, టైపు చేసే ప్రతి అక్షరాన్నీ అది పైకి చదవడంతో మిగిలినవీ కలగాపులగమవుతాయి. అందుకే స్క్రీన్ రీడర్ మాటను కాసేపు ఆపి, మొత్తం విని, గుర్తుపెట్టుకుని రాయాల్సి వస్తుంది. వినికిడి కూడా లేక తెరపై రాతను వేళ్లతో తడిమి చదివే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లేపై ఆధారపడేవారికి ఆ దారీ లేదు. మామూలు బొమ్మకైతే స్క్రీన్ రీడర్ చదివేలా రాతలో వర్ణన జోడించమని అడగవచ్చు. క్యాప్చాకు జవాబునే వర్ణనగా ఇస్తే బాట్ కూడా చదివేస్తుంది కనుక లోపం ఆ పద్ధతిలోనే ఉంది. వెబ్‌సైట్లు వికలాంగులకూ అందుబాటులో ఉండేందుకు 2023లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు లాగిన్ దగ్గర ఇలాంటి పరీక్షలను కట్టడి చేసినా, వస్తువులను గుర్తుపట్టమనే బొమ్మలకు ఏఏ స్థాయిలో (మూడు స్థాయిల్లో మధ్యదానిలో) మినహాయింపు ఇచ్చాయి (ఈ ఉదారత ఎవరి కోసమో నాకు బోధపడదు). వాడుకరిని ఏమీ అడగకుండా సర్వర్ వైపే బాట్‌లను వడకట్టే పద్ధతులను వ్యాసకర్త ప్రస్తావించి ఉండాల్సింది.