పొగ విస్కీకి కారం పొత్తు కుదరదు

మన విందుల్లో మందు బల్ల ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. డ్యూటీ ఫ్రీలో కొన్న స్కాచ్ సీసాలు, వాటి మీది వయసు అంకెలు అతిథులకు కనబడేలా ముందు వరసలో. పక్కన ఐసు, సోడా. నంజుకోవడానికి చిల్లీ చికెన్, అపోలో ఫిష్, పచ్చిమిర్చి దట్టించిన రొయ్యల వేపుడు. వీటి మీద నాకు పగేమీ లేదు. కానీ మనముంటున్న అమెరికాలోనే ఇప్పుడు పొగ పట్టించిన మంచి సింగిల్ మాల్ట్ విస్కీ తయారవుతోంది. దాన్ని తెచ్చి ఈ బల్ల మీద పెడితే అటు విస్కీకీ, ఇటు రొయ్యలకీ అన్యాయం చేసినట్టే.

అమెరికన్ సింగిల్ మాల్ట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఈమధ్యే వచ్చింది. నిబంధనలు 2025 జనవరి 19 నుంచి అమల్లో ఉన్నాయి. పూర్తిగా మొలకెత్తించిన బార్లీతోనే చేయాలి, కాచడం అంతా అమెరికాలోని ఒకే డిస్టిలరీలో జరగాలి, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో ఊరబెట్టాలి. బోర్బన్ అనే మొక్కజొన్న విస్కీకి లాగా లోపల కాల్చిన కొత్త పీపాలే వాడాలన్న పట్టుదల లేదు. పొగ ఏ కట్టెతో పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో తయారీదారు ఇష్టం.

అసలు రుచి తేడా అంతా ఆ కట్టెలోనే ఉంది. మొలకెత్తిన బార్లీని తడి మీద ఉండగానే పొగలో ఆరబెడితే, ఆ పొగలోని ఫినాల్స్ అనే వాసన రసాయనాలు గింజకు పట్టుకుని సీసా దాకా వస్తాయి. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో పీట్ కాలుస్తారు. అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుపోయిన మొక్కల మట్టి. అందుకే ఐలా విస్కీ మొదటిసారి వాసన చూసినవాళ్లు ‘ఇదేంటి, డెట్టాల్ కంపు’ అంటారు. సియాటెల్‌లోని వెస్ట్‌లాండ్ వాళ్లు వాషింగ్టన్ రాష్ట్రంలోనే దొరికే పీట్ తవ్వి, దానితో సోలమ్ అనే విస్కీ చేశారు. అదొక దారి. నాకు నచ్చిన దారి మాత్రం అరిజోనాలోది. టూసాన్‌లో మెస్కీట్ అనే ముళ్ల చెట్టు కర్రతో ఫర్నిచర్ చేసే స్టీఫెన్ పాల్, పీట్ బదులు మెస్కీట్ పొగలో బార్లీ ఆరబెడితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో విస్కీ డెల్ బాక్ మొదలుపెట్టారు. వాళ్ల డొరాడో ఆ పొగతో చేసిందే. న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో చేసే కోల్కెగన్‌లోనూ మెస్కీట్ పొగే.

ఈ మెస్కీట్ మనకు కొత్తదేమీ కాదు. మన ఊళ్లలో చెరువు గట్ల నిండా అల్లుకుపోయి, ముళ్లతో అందరి చేతా తిట్లు తినే సర్కారు తుమ్మకు ఇది దగ్గరి చుట్టం. సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చిందే. ఆ కట్టెల పొయ్యి మీద వండిన అన్నం తిన్నవాళ్లకు డొరాడో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే ఎక్కడో తెలిసిన వాసన తగులుతుంది. ఐలా పొగ అలవాటు కావడానికి టైమ్ పడుతుంది, దీనికి ఆ బెడద లేదు.

ఇక కారం సంగతి. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుక మీద మంటను పసిగట్టే ఏ గ్రాహకాన్ని రెచ్చగొడుతుందో, ఆల్కహాల్ కూడా దాన్నే రెచ్చగొడుతుంది. 45 శాతం ఉన్న విస్కీ, గుంటూరు కారం ఒకేసారి నోట్లో పడితే మంట మీద మంట. ఆ మంటలో బార్లీ తీపి ఏది, పొగ ఏది, ఓక్ ఏది అన్నది తెలియనే తెలియదు. ఆవకాయ ముక్క నంజుకునే వీరులు మనలో ఉన్నారు. వాళ్లకు ఏ సీసా అయినా ఒకటే, కాబట్టి చవకది పొయ్యండి.

ఐసు కూడా వద్దనే అంటాను. చల్లబడితే వాసన పైకి లేవదు. నీళ్లు వేరే విషయం. పొగ వాసనకు ముఖ్య కారణమైన గ్వాయకాల్, విస్కీని కొంత పలుచన చేస్తే పైపొరకు చేరుతుందని స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో 2017లో చూపించారు. ఒక చెంచా మామూలు నీళ్లు చాలు. గ్లాసు నింపేయకండి.

మరి ఏం పెట్టాలి? కాల్చిన వంకాయతో పెరుగు పచ్చడి, మిరపకాయ పేరుకు మాత్రమే వేసి. పెరుగులోని వెన్న నాలుకకు పట్టి పొగ ఘాటును కాస్త తగ్గిస్తుంది. పెరట్లో గ్రిల్ ఎలాగూ ఉంది కాబట్టి మొక్కజొన్న పొత్తులు కాల్చి నెయ్యి, ఉప్పు రాయండి. నిమ్మకాయ, కారం రాయకండి. వేడి రాయి మీద కాల్చే హైదరాబాదీ పత్థర్ కా గోష్త్ కూడా బావుంటుంది, పచ్చిమిర్చి ముద్ద సగానికి సగం తగ్గిస్తేనే. స్మోక్‌డ్ చీజ్ చాలామంది తెస్తారు. నాకైతే పొగ మీద పొగ వేస్తే నోట్లో బూడిదే మిగులుతుంది.

వీటన్నిటికంటే నేను ముందు పెట్టేది సున్నుండ. నవ్వకండి. దోరగా వేయించిన మినుముల కమ్మదనం, బెల్లం, నెయ్యి, ఈ మూడూ మాల్ట్ విస్కీలో ఉన్న రుచులకు చాలా దగ్గర. వేడిలో ఆరిన బార్లీకీ, మూకుట్లో వేగిన మినుములకూ వచ్చే ఆ కమ్మటి వాసన ఒకే జాతిది. బెల్లం పీపా నుంచి వచ్చే వెనిలా తీపిని పైకి తెస్తుంది, పొగ వచ్చి ఆ తీపి మొహం మొత్తకుండా చూసుకుంటుంది. పంచదారతో చేసినవాటికి ఈ లక్షణం రాదు, బెల్లానివే కావాలి. సున్నుండలు లేకపోతే పల్లీ పట్టీతో సరిపెట్టుకోవచ్చు.

వయసు అంకె చూసి కొనే అలవాటు ఇక్కడ పనికిరాదు. అరిజోనా ఎండకు పీపాలోని విస్కీ స్కాట్లాండ్‌లో కంటే త్వరగా ఓక్ రుచి పట్టేస్తుంది. ఇలాంటి సీసాల మీద వయసే రాయనివి ఎక్కువ. ‘ఎన్నేళ్లది?’ అని అడిగే అంకుల్స్‌కి ఏం చెప్పాలన్న టెన్షన్ అక్కర్లేదు, ఒక చుక్క పోసి ఇవ్వండి.

పొగ సీసాను చివర్లో తెరవండి. దాని తర్వాత తాగే మామూలు స్కాచ్ చప్పగా అనిపిస్తుంది. కారు తాళాలు ఎవరి దగ్గరుండాలో అంతకుముందే తేల్చుకోండి. బిర్యానీకి మాత్రం దీన్ని తేకండి, దానికి చల్లటి బీరు చాలు.