సవరణ: 'షిండ్లర్స్ లిస్ట్' ఆష్విట్జ్ సీన్ గురించి

పోయిన వారం 1993లో వచ్చిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ సినిమా 'షిండ్లర్స్ లిస్ట్' గురించి రాస్తూ, ఆష్విట్జ్ (పోలండ్‌లో నాజీలు నడిపిన మరణ శిబిరం) సన్నివేశాన్ని అసలు క్యాంపు లోపలే తీశారని రాశాను. అది తప్పు. క్షమించండి.

క్యాంపు లోపల సెట్టింగులు వేసి షూటింగ్ చేయడానికి యూదుల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ జ్యూయిష్ కాంగ్రెస్ అభ్యంతరం చెప్పింది. దాదాపు 11 లక్షల మందిని చంపిన చోటు, అందులో సుమారు 10 లక్షల మంది యూదులు. ఆ నేల మీద మేకప్పులు, లైట్లు ఎలా కుదురుతాయి? అందుకే స్పీల్‌బర్గ్ ఆష్విట్జ్‌లో భాగమైన బిర్కెనౌ గేటు బయట సెట్ వేయించాడు. రైలును మొదట వెనక్కి నడిపి గేటు లోపలికి పంపారు. తర్వాత అది బయటికి వస్తుంటే చిత్రీకరించారు. తెరమీద మనకు కనిపించే ఆ రాత్రి, ఆ గేటు కింద నుంచి రైలు క్యాంపులోకి వస్తున్నట్టే ఉంటుంది. నిజానికి అది బయటికి వస్తోంది. ఈ సంగతి తెలిశాక ఆ సీన్ మళ్ళీ చూశాను, గుండె బరువెక్కింది.

ఇంకొకటి. సినిమాలో ఫ్యాక్టరీ యజమాని షిండ్లర్ దగ్గర లెక్కలు చూసే ఇట్జాక్ స్టెర్న్ పాత్రను అచ్చంగా ఒకే మనిషి కథ అన్నట్టు రాశాను. స్టెర్న్ నిజంగా ఉన్నాడు గానీ, సినిమాలోని పాత్రలో ఇతరుల పనులూ కలిశాయి. వాళ్ళలో మియెటెక్ పెంపర్ ఒకడు. ప్లాషోవ్ క్యాంపు కమాండెంట్ ఆమన్ గోట్ దగ్గర స్టెనోగా పనిచేయాల్సి వచ్చిన ఖైదీ అతను. యుద్ధం అయ్యాక గోట్ మీద కోర్టులో సాక్ష్యం చెప్పాడు. అతని పేరు నా పోస్టులో లేకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పాత పోస్టులో రెండు చోట్లా దిద్దాను.